సరిచూడటానికి మార్కుల్లేవు

జిలానీకి అంతుపట్టని సంగతి ఒకటే. తన ఎదురుగా కూర్చుంటే ఒక్క లెక్కా తప్పు చెయ్యని పిల్లకు, బడిలో పెట్టిన ప్రీఫైనల్ పరీక్షలో నూటికి పదకొండు మార్కులు ఎట్లా వచ్చాయి?

ఆ పేపరు పట్టుకుని పొద్దున్నే షా తాత ముందు నిలబడ్డాడు. తాత దర్గా గడప పక్కన కూర్చుని నిప్పుల మీద సాంబ్రాణి వేస్తున్నాడు. గుట్ట మీద మంచు ఇంకా విడలేదు. పొగ వెళ్లి ఆ మంచులో కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా మెట్ల మీదుగా కిందికి జారిపోతోంది.

"హజ్రత్, హుసేనమ్మకు పదకొండొచ్చాయి," అన్నాడు జిలానీ.

"పదకొండు తక్కువా?"

"ముప్పై అయిదు వస్తేగాని పాసవదు."

"ఓహో," అన్నాడు షా తాత. ఆయనకు లెక్కలు రావు. రావన్న సంగతి ఎప్పుడూ దాచుకోలేదు, రాలేదని దిగులుపడిందీ లేదు.

ఆయన అసలు పేరు కరీముల్లా షా. గుట్ట కింది ఊళ్లో హిందువులకూ ముసల్మానులకూ అందరికీ షా తాతే. జ్వరమొచ్చిన పిల్లల నెత్తిన నెమలీకల కట్టతో తట్టడం, గురువారం వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం, మిగతా పొద్దంతా ఊరికే కూర్చోవడం ఆయన పని. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆయన దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుసు.

జిలానీ కిందటేడు ఉరుసుకు వచ్చి ఉండిపోయాడు. డిగ్రీ లెక్కల్లో కాలేజీకంతా మొదటివాడు. ఉద్యోగం వెతుక్కోవలసిన వయసులో దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. మురీదుగా, అంటే శిష్యుడిగా చేర్చుకోమన్నాడు. జపించుకోవడానికి ఒక నామం చెవిలో చెప్పమని కాళ్లు పట్టుకున్నాడు.

"నీకేమొచ్చు నాయనా?" అని అడిగాడు షా తాత.

"లెక్కలు."

"కింద ఊళ్లో పిల్లలు పదో తరగతి లెక్కల్లోనే తప్పుతాండారంట. వాళ్లకు చెప్పు. నామం సంగతి తర్వాత చూద్దాం."

ఆ తర్వాత అన్నది ఇంకా రాలేదు. జిలానీ నోరు తెరిచి అడగలేదు. రోజూ సాయంత్రం మాత్రం, ఈరోజేమైనా చెబుతాడేమోనని తాత మొహం కేసి చూసేవాడు.

దర్గా ముంగిట్లో పరిచినవన్నీ ఆ చుట్టుపక్కల గనుల్లో తీసిన నల్ల నాపరాళ్లు. సుద్దముక్కతో రాస్తే అక్షరాలు ముత్యాల్లా కనబడతాయి. జిలానీకి అంతకన్నా మంచి బోర్డు దొరకలేదు. పిల్లలు వాటి మీదే మోకాళ్ల మీద కూర్చుని లెక్కలు చేసేవాళ్లు, అయ్యాక అరచేత్తో తుడిచేసేవాళ్లు.

వాళ్లందరిలోకీ హుసేనమ్మ అంటే జిలానీకి గురి. వాళ్లమ్మ ఓబుళమ్మ ఈ దర్గాకే మొక్కుకుంటే పుట్టిన పిల్ల. తండ్రి లారీకి రాళ్లెత్తుతూ నడుం పట్టేసి మంచాన పడ్డాక, ఓబుళమ్మ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమె కూతురికి ఒకటే మాట చెప్పింది. పది పాసైతే ఆపైన చదువుకో, తప్పితే నాతో ఫ్యాక్టరీకి రా. కోపంతో చెప్పింది కాదు. ఇంట్లో ఉన్న పరిస్థితి చెప్పింది, అంతే.

హుసేనమ్మకు చదువుకోవాలని ఉంది. నర్సు కావాలని ఉంది. మిగతావన్నీ ఎట్లాగో గట్టెక్కుతాయి. అడ్డంగా కూర్చున్నది లెక్కలు.

"నా ముందు అన్నీ చేస్తుంది హజ్రత్. అక్కడికి పోయి ఎందుకు మరిచిపోతుందో," అన్నాడు జిలానీ.

"రేపు నేనూ కూర్చుంటా మీ దగ్గర," అన్నాడు షా తాత.

మర్నాడు చేటలో బియ్యం పోసుకుని వచ్చి కూర్చున్నాడు. గురువారం వంటకు రాళ్లు ఏరుకుంటూ ఉన్నాడు. జిలానీ నాపరాయి మీద వర్గ సమీకరణం ఒకటి రాశాడు. ఎక్స్ స్క్వేర్ మైనస్ మూడు ఎక్స్ మైనస్ పది ఈక్వల్ టు సున్నా.

హుసేనమ్మ సుద్దముక్క తీసుకుంది. "గుణిస్తే మైనస్ పది రావాల, కలిపితే మైనస్ మూడు రావాల," అని గొణుక్కుంది. "ప్లస్ ఐదు, మైనస్ రెండు..." అని ఆగి తలెత్తింది. జిలానీని చూసింది. "కాదు కాదు. మైనస్ ఐదు, ప్లస్ రెండు."

"ఆఁ," అన్నాడు జిలానీ.

ఇంక చకచకా చేసుకుంటూ పోయింది. రెండు చోట్ల ఆగింది. ఆగిన చోటల్లా తలెత్తింది, మళ్లీ వంచింది. ఎక్స్ విలువ ఐదు గాని మైనస్ రెండు గాని అని తేల్చింది. సరిగ్గా వచ్చింది.

"సార్, పుస్తకంలో దీని కింద సరిచూచుట అని ఉంది. అది గూడా చెయ్యాల్నా?"

"దానికి మార్కుల్లేవు. టైము దండగ. వదిలెయ్."

షా తాత చేటలో చెయ్యి ఆపాడు. "అదేంది?"

"వచ్చిన జవాబును మళ్లీ ఆ లెక్కలోనే పెట్టి, సరిపోయిందో లేదో చూసుకోవడం హజ్రత్. పరీక్షలో దాన్నెవరూ అడగరు."

"ఓహో," అన్నాడు షా తాత.

"చూశారా మరి, ఎంత బాగా చేసిందో," అన్నాడు జిలానీ మురిసిపోతూ.

"చూశా," అన్నాడు షా తాత. అసలు ఆయన లెక్క వంక ఒక్కసారీ చూడలేదు. పిల్ల ఎటు చూస్తోందో అటే చూస్తూ కూర్చున్నాడు, అంటే జిలానీ మొహంలోకి. చేటలో రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ మరుసటి పొద్దున హుసేనమ్మ వచ్చి కూర్చోగానే షా తాత లేచివచ్చాడు. జిలానీని రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తిప్పి, పిట్టగోడ కేసి మొహం పెట్టించి కూర్చోబెట్టాడు.

"ఇట్ల కూచో. పిల్ల లేచేదాకా తిరగొద్దు, మాట్లాడొద్దు."

"ఎందుకు హజ్రత్?"

"ఎండ అటువైపు బాగుంది."

గురువు చెప్పాడు కాబట్టి కూర్చున్నాడు. ఎదురుగా లోయంతా మంచు. ఎక్కడో ఆ మంచు అడుగున పాలిష్ ఫ్యాక్టరీలు మొదలయ్యాయి, మిషన్ల మోత తేనెటీగల రొదలా సన్నగా పైకి వస్తోంది. రాళ్లు అరగదీసిన నీళ్లు తెల్లటి వాగై పొలాల మధ్యన పారుతున్నాయి. చూస్తూ ఉంటే ఆ తెలుపు వాగుదో మంచుదో తెలియడం లేదు. ఆ తెల్లటి దాంట్లోనే ఎక్కడో ఓబుళమ్మ వంగి పనిచేస్తూ ఉంటుంది. జిలానీకి కళ్లు మూతలు పడుతున్నట్టయింది. వెనకనుంచి సుద్దముక్క చప్పుడు నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వినబడుతోంది. రాస్తోంది. ఆగింది. చాలాసేపు ఆగింది.

"సార్, ప్లస్సా మైనస్సా?"

జిలానీ పెదవి కొరుక్కున్నాడు.

"సార్."

చెప్పేస్తే ఒక్క మాట. ఆ ఒక్క మాట గొంతులో పట్టుకుని కూర్చోవడానికి అతని ప్రాణం మీదికొచ్చింది.

"నేనేం తప్పు జేశా సార్? ఎందుకట్ల తిరిగి కూచున్నారు?" అంది హుసేనమ్మ. గొంతు వణికింది. సుద్దముక్క రాతి మీద పడిన చప్పుడు, ఆ వెనకే మెట్లు దిగిపోతున్న చెప్పుల చప్పుడు.

జిలానీ తిరిగి చూశాడు. నాపరాయి మీద ఒకే వరస రాసి ఉంది. దాని కింద రాసి తుడిచి, రాసి తుడిచి, తెల్లటి మరకయింది.

"ఏడుస్తూ పోయింది హజ్రత్," అన్నాడు.

"చూశా."

"పరీక్ష నెత్తి మీదికొచ్చింది."

"అవును మరి," అన్నాడు షా తాత. ఆ మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని జిలానీ చాలాసేపు చూశాడు. కోపం లేదు, జాలి లేదు, నవ్వూ లేదు. ముసలాయన బియ్యం చెరుగుకుంటున్నాడు.

మర్నాడు హుసేనమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మిగతా పిల్లల్ని అడిగితే, "వాళ్లమ్మతో ఫ్యాక్టరీకి పోతాంది సార్, పని నేర్చుకుంటాదంట," అన్నారు. జిలానీకి ఆ పూట అన్నం సహించలేదు. పిల్ల బతుకును తన చేతులతో తనే తోసేశాననిపించింది. గురువు మీద మొదటిసారి కోపమొచ్చింది. అదీ పైకి చెప్పుకోలేని కోపం.

తర్వాత ఒక పొద్దున మంచులోంచి హుసేనమ్మే మెట్లెక్కి వచ్చింది. మోచేతులదాకా తెల్లగా రాతిపిండి. కడుక్కున్నా పోని తెలుపు.

"నాకా పని వద్దు సార్," అంది నిలబడే. "నిద్రలో గూడా చెవుల్లో మిషన్ మోతే. మీరు తిరగండి, తిరక్కపోండి. నేను చేసుకుంటా."

కూర్చుని సుద్దముక్క తీసుకుంది. జిలానీ లోయకేసి తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం అటు ఉంది కాబట్టి పరువు దక్కింది.

ఆ రోజు చేసింది సరిగ్గా వచ్చింది. మర్నాడు చేసిందీ వచ్చింది. ఆపైన వరసగా అన్నీ వచ్చాయి. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా రాతి మీద లెక్క చక్కగా తేలి ఉండేది. జిలానీకి ఇప్పుడర్థమయింది. ఇన్నాళ్లూ పిల్ల తన మొహం చూసి లెక్కలు చేస్తోంది. తప్పయితే కనుబొమ్మలు ముడిపడేవి కాబోలు, ఒప్పయితే విడిపోయేవి కాబోలు. పరీక్ష హాల్లో ఆ మొహం ఎక్కడినుంచి వస్తుంది?

"కుదిరింది హజ్రత్. మీరెందుకు తిప్పారో తెలిసింది," అన్నాడు వినయంగా. వినయం కింద కాస్త గర్వం కూడా ఉంది.

"కుదిరిందో లేదో ఆ పిల్లనడుగు."

హుసేనమ్మ తలొంచుకుని నవ్వు ఆపుకుంది. "మీ వీపు చెప్తాది సార్."

"వీపా?"

"తప్పు రాస్తాండానంటే సుద్దముక్క చప్పుడుకే మీకు తెలుస్తాదో ఏమో, భుజాలు బిగుసుకుంటాయి. సరిగ్గా ఉంటే మెడ వదులైతాది. ఊపిరి గూడా వదుల్తారు."

షా తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. జిలానీకి ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. మొహం తిప్పుకున్నాడు సరే, ఇప్పుడు వీపునేం చేసుకోవాలి?

నవ్వు తగ్గాక షా తాత, "జిలానీ, కింద బావికి పోయి ఒక బిందె నీళ్లు పట్టుకురా," అన్నాడు.

"నీళ్లున్నాయి హజ్రత్. పొద్దున్నే నింపాను. అంచుదాకా ఉన్నాయి."

షా తాత మోకాళ్ల మీద చేతులూని లేచాడు. బిందె దగ్గరికి పోయి రెండు చేతులా వంచి, నీళ్లన్నీ వేపచెట్టు మొదట్లో పోసేశాడు. ఖాళీ బిందె తెచ్చి జిలానీ చేతికిచ్చాడు.

"ఇప్పుడు లేవు."

జిలానీ దిగిపోయాడు. వేప పూత కాలం. మెట్ల మీద రాలిన పూత కాళ్లకింద మెత్తగా నలుగుతోంది, వాసన మత్తుగా ఉంది. మంచులో దిగుతుంటే పైన దర్గా లేదు, కింద ఊరు లేదు, తనొక్కడే ఎక్కడికో దిగుతున్నాడు. పైన పిల్ల ఎక్కడ ఆగిందో. ప్లస్ రాసిందో మైనస్ రాసిందో. తెలుసుకునే దారి లేదు. బావిలో చేద వదిలాడు. అది నీళ్లను తాకిన చప్పుడు చాలా ఆలస్యంగా వినబడింది. తోడుతూ తోడుతూ కొంతసేపు లెక్క సంగతే మరిచిపోయాడు. మరిచిపోయానని గుర్తొచ్చాక, అంత హాయిగా ఈ మధ్య ఎప్పుడున్నానా అనుకున్నాడు.

బిందె భుజాన పెట్టుకుని పైకి వచ్చేసరికి హుసేనమ్మ రాతి మీదికి వంగి ఉంది. తలెత్తలేదు. చెట్టు కింద షా తాత కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రో ధ్యానమో.

ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ మైనస్ పన్నెండు ఈక్వల్ టు సున్నా. పిల్ల రెండు రకాలుగా చేసింది. ఒకచోట ఎక్స్ నాలుగని, ఇంకోచోట మూడని వచ్చింది. ఏది ఒప్పో చెప్పే మొహం లేదు, వీపు లేదు. రెండింటి కిందా ఏదో రాస్తోంది. జిలానీ ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"నాలుగు పెడితే పదహారు, నాలుగు, ఇరవై. పన్నెండు పోతే ఎనిమిది. సున్నా రావాల గదా, రాలా," అంటోంది తనలో తను. "మూడు పెడితే తొమ్మిది, మూడు, పన్నెండు. పన్నెండులో పన్నెండు పోతే..."

సుద్దముక్క ఆపేసింది. కాసేపు ఆ సున్నాను చూస్తూ ఉండిపోయింది. నాలుగు అన్నదాన్ని అరచేత్తో తుడిచేసింది. ఇంకో జవాబు మైనస్ నాలుగు కావాలి, దాన్నీ పెట్టి చూసింది. అదీ సున్నాకే వచ్చింది.

అప్పుడు తలెత్తింది. జిలానీ కనబడ్డాడు.

"ఇది సరిపోయింది సార్," అంది. అడగలేదు, చెప్పింది.

"ఎవరు చెప్పారు?"

"లెక్కే చెప్పింది."

జిలానీకి గుండె నిండిపోయింది. నిండిన గుండెలోనే ఒక మూల చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. ఆ ముల్లును అప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజునుంచి పరీక్షలదాకా రోజూ పొద్దున షా తాత బిందె ఖాళీ చెయ్యడం, జిలానీ బావికి పోవడం. వేపచెట్టు ఆ యేడు చిగుర్లు విరగబడి వేసింది.

లెక్కల పరీక్ష రోజున జిలానీ టౌనుకు వెళ్లి పరీక్ష కేంద్రం గేటు బయట నిలబడ్డాడు. పిల్లలంతా లోపలికి పోతూ తల్లిదండ్రుల్ని వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. హుసేనమ్మ తిరగలేదు. వెనక ఎవరో ఉన్నారన్న ధ్యాసే లేనట్టు, పెదవులు కదిలిస్తూ వెళ్లిపోయింది.

బయటికొచ్చాక జిలానీ ఎదురెళ్లి చెయ్యి చాపాడు. "ఏదీ పేపరు, చూద్దాం."

"చూసుకున్నా సార్," అంది. పేపరు మడిచి సంచిలో పెట్టేసుకుంది. "ఒకటి కుదర్లా. యాడ తప్పిందో దొరికేలోపల బెల్లు కొట్టినారు. నాకు తెల్వనివి కొన్ని వదిలేసినా. చేసినవి మాత్రం కుదిరినాయి. నలభై దాటతాయి."

ఎండాకాలంలో ఫలితాలొచ్చినప్పుడు నలభై మూడు వచ్చాయి. ఓబుళమ్మ తెల్లటి చేతులతోనే చక్కెర తెచ్చి గుట్ట మీద అందరికీ పంచింది. కాని ఈ కథ అంతదూరం పోదు. పరీక్ష రోజు సాయంత్రంతోనే ఆగిపోతుంది.

ఆ సాయంత్రం జిలానీ మెట్లెక్కి వచ్చేసరికి షా తాత పిట్టగోడ దగ్గర లోయకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. పొద్దు వాలుతోంది. ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము ఆ వెలుగుకు బంగారు రంగు తిరిగింది. గుమ్మటం చుట్టూ పావురాలు తిరుగుతున్నాయి.

జిలానీ వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, పిల్ల గట్టెక్కుతుంది. మీరు చెప్పిన పని చేశాను." కాస్త ఆగాడు. ఏడాదికి పైగా లోపల దాచుకున్న మాట ఇంక ఆగలేదు. "ఇప్పుడైనా నాకు నామం చెబుతారా? నేను తగినవాణ్ణయ్యానా?"

షా తాత తిరగలేదు.

చెబుతాడా, చెప్పడా? ఆ మొహం ఒక్కసారి కనబడితే తెలిసిపోతుంది. చుట్టూ తిరిగి ముందుకు వెళ్లబోయి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. అక్కడే ఆగిపోయాడు. ముసలాయన వీపుకేసి చూశాడు. పాత శాలువా తప్ప అక్కడేమీ లేదు.

నిలబడిన చోటే నాపరాయి మీద కూర్చున్నాడు.

పావురాలు ఒక్కొక్కటే గూళ్లకు చేరాయి. పిల్ల 'చూసుకున్నా సార్' అన్నప్పుడు చాపిన చెయ్యి గాలిలో ఉండిపోయింది, ఆ చెయ్యి ఇంకా అట్లాగే ఉన్నట్టనిపించింది. ఆ మాటకు సంతోషించాడా? సంతోషించాడు. నొచ్చుకున్నాడా? నొచ్చుకున్నాడు. ఇన్నాళ్లు చెప్పిన లెక్కలు పిల్లల కోసమా, నామం కోసమా? ఒక్కొక్కటే తీసి లోపల పెట్టి చూసుకున్నాడు. ఎటు తిప్పినా సున్నా రాలేదు, ఎంతో కొంత మిగిలే ఉంది.

"లేదు హజ్రత్," అన్నాడు చివరికి. "ఇంకా కుదర్లేదు."

షా తాత అప్పుడు వెనక్కి తిరిగాడు.

"రేపు తెల్లారి నమాజు కాగానే రా," అన్నాడు. "నామం చెప్తా."